ఇంటిపేరు, పొడి అక్షరాలు, వైద్యవ్యాసాల ఆధారసూచి
(సరిహద్దు జిల్లాల తెలుగు కుటుంబాల సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఉదయం నుండి తెలుగు బడుల గురించి, ఉపాధ్యాయ నియామకాల గురించి, పాఠ్యపుస్తకాల సరఫరా గురించి వక్తలు మాట్లాడారు. నా వంతుకు వచ్చిన అంశం వాటికి దూరంగా కనిపిస్తుంది. వైద్యపరిశోధన వ్యాసం చివర చిన్న అక్షరాలలో అచ్చయ్యే ఆధారసూచిని ఎలా వ్రాయాలన్నది ఆ అంశం. భాషాహక్కుల సభలో దీనికి చోటెందుకని కొందరికి అనిపిస్తే అది సహజమే. అయితే మన కుటుంబాల పిల్లలు నేడు బెంగుళూరు, చెన్నై, బరంపురం, పుదుచ్చేరి, పుణె నగరాల వైద్యకళాశాలల్లో చదువుతున్నారు. ఎం.డి., ఎం.ఎస్. చదివే విద్యార్థి సిద్ధాంతవ్యాసం సమర్పించక తప్పదు. ఆ వ్యాసపు చివరి పుటలలో మన పేర్లు, మన ఊళ్ళ పేర్లు, మన భాషలో అచ్చయిన పుస్తకాల పేర్లు ఏ రూపంలో నిలుస్తాయో, అసలు నిలుస్తాయో లేదో తేలిపోతుంది. అందుకే ఈ విషయాన్ని తల్లిదండ్రుల ముందు, పిల్లల ముందు కలిపి చెప్పదలచుకున్నాను.

ముందుగా పద్ధతి సంగతి. 1978 జనవరిలో కెనడాలోని వాంకూవర్ నగరంలో కొద్దిమంది వైద్యపత్రికల సంపాదకులు సమావేశమయ్యారు. అది టైపురైటర్ల కాలం. ఒక పత్రిక తిప్పి పంపిన వ్యాసాన్ని ఇంకొక పత్రికకు పంపాలంటే, ఆ పత్రిక కోరిన రూపంలో ఆధారసూచినంతా మళ్ళీ టైపు చేయవలసి వచ్చేది. ఈ వృథాశ్రమను తప్పించడానికి వారు ఉమ్మడి నియమావళిని రూపొందించి 1979లో ప్రకటించారు. ఆధారాలను వ్రాసే రూపాన్ని అమెరికా జాతీయ వైద్యగ్రంథాలయం సిద్ధపరచింది. ఆ చిన్న బృందమే తరువాత అంతర్జాతీయ వైద్యపత్రికా సంపాదకుల సంఘంగా పెరిగింది. నేటికీ వైద్యవిద్యార్థులు వాంకూవర్ పద్ధతి అని పిలిచేది దీనినే.

దాని రూపాన్ని మాటలలో వర్ణించే కంటే ఒక ఉదాహరణ చూపితే సులువు. మనకు గర్వకారణమైన ఉదాహరణే తీసుకుందాము:

ఫిస్కే సిహెచ్, సుబ్బారావ్ వై. ది కలరిమెట్రిక్ డిటర్మినేషన్ ఆఫ్ ఫాస్ఫరస్. జె బయోల్ కెమ్. 1925;66:375-400.

రక్తంలో, మూత్రంలో ఉండే భాస్వరాన్ని రంగు గాఢతను బట్టి కొలిచే విధానాన్ని వివరించిన వ్యాసమిది. జీవరసాయన శాస్త్రం చదివిన ప్రతివారికీ ఫిస్కే-సుబ్బారావు పద్ధతిగా ఇది పరిచితమే. మొదట రచయితల పేర్లు, తరువాత వ్యాసం పేరు, పత్రిక పేరుకు నిర్ణీతమైన సంక్షిప్త రూపం, ఆపైన సంవత్సరం, సంపుటం, పుటలు. సంవత్సరం తరువాత సెమికోలన్, సంపుటం తరువాత కోలన్. పొడి అక్షరాల నడుమ చుక్కలుండవు. 787వ పుట నుండి 793 వరకు అయితే 787-93 అని వ్రాస్తే చాలు. 'లాన్సెట్' వంటి ఏకపద నామాన్ని కుదించరాదు. వ్యాసం నడుమ ఏ ఆధారం ముందు ప్రస్తావనకు వస్తే దానికి ఒకటవ సంఖ్య ఇస్తారు. అదే ఆధారం మళ్ళీ వస్తే పాత సంఖ్యే తప్ప కొత్తది ఇవ్వరు. చుక్కలూ కామాలూ ఎక్కడెక్కడ పడాలో ఒక పూట కూర్చుంటే పట్టుబడుతుంది. దానిమీద ఇంతకంటే కాలం వెచ్చించను.

పట్టుబడనిది పేరు. పై పంక్తిని మరొకసారి చూడండి. వాంకూవర్ పద్ధతి ప్రకారం ముందు కులనామం, అంటే మన మాటలో ఇంటిపేరు రావాలి. దాని వెనుక సొంత పేరు పొడి అక్షరాలుగా రావాలి. ఫిస్కే విషయంలో అలాగే జరిగింది. ఆయన ఇంటిపేరు ఫిస్కే, సొంత పేరు సైరస్. భీమవరంలో 1895లో జన్మించి, రాజమహేంద్రవరంలో, మద్రాసులో చదివి, 1922లో బోస్టన్ చేరిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారి విషయంలో తలక్రిందులయింది. ఇంటిపేరు ఉండవలసిన స్థానంలో సొంత పేరు నిలిచింది. సొంత పేరు కుదించుకుపోవలసిన స్థానంలో 'వై' రూపంలో యల్లాప్రగడ నిలిచింది. తప్పు ఎవరిదీ కాదు. ఇంటిపేరును ముందు చెప్పే జాతికీ, చివర చెప్పే జాతికీ ఒకే గడి ఇచ్చిన ఫలితమిది. (తెలుగులో వ్రాసేటప్పుడు కూడా మనము 'య. సుబ్బారావు' అనక 'వై. సుబ్బారావు' అంటాము. పొడి అక్షరాలకైనా తెలుగు లిపి చాలదని మనకెవరు చెప్పారో!)

ఆ పేరునే ఈనాటి పత్రికా కార్యాలయాల కంప్యూటర్ దరఖాస్తులో నింపి చూడండి. 'యల్లాప్రగడ సుబ్బా రావు' అని మూడు ముక్కలుగా వ్రాస్తే, చివరి ముక్కే ఇంటిపేరని భావించే యంత్రం దానిని 'రావు వైఎస్' చేస్తుంది. 'సుబ్బా రావు యల్లాప్రగడ' అని వ్రాస్తే 'యల్లాప్రగడ ఎస్ఆర్' అవుతుంది. సుబ్బారావును ఒకే ముక్కగా వ్రాస్తే 'సుబ్బారావు వై'. ఒకే మనిషి ముగ్గురయ్యాడు. సూచికలో వెదికేవారికి ఈ ముగ్గురూ ఒకరేనని తెలిసే దారి లేదు. ఇక 'రావు', 'రెడ్డి', 'కుమార్' అన్న మాటలు ఇంటిపేరు గడిలో పడ్డాయంటే, ఆ పేరుతో ఉన్న వేలమందిలో మన అమ్మాయి వ్యాసమేదో ఆమె తల్లిదండ్రులు సైతం గుర్తుపట్టలేరు.

ఇది తెలుగువారందరి చిక్కు. సరిహద్దులకు అవతల ఉన్న మనకు ఇంకొక చిక్కు అదనంగా ఉంది. ఒకే ఇంటిపేరు గల కుటుంబం నాలుగు రాష్ట్రాలలో స్థిరపడితే, నాలుగు తీరుల పేర్లు పుడుతున్నాయి. తమిళనాడులో బడిరికార్డు తండ్రి పేరులోని తొలి అక్షరాన్ని పొడి అక్షరంగా పెట్టి, ఇంటిపేరును వదిలివేయడం వాడుక. కర్ణాటకలో ఊరిపేరు, తండ్రిపేరు పొడి అక్షరాలుగా చేరడం సాధారణం. షోలాపూరులో సొంత పేరు, తండ్రి పేరు, చివర ఇంటిపేరు అనే మరాఠీ వరుస. ఒడిశాలో ఇంటిపేరు చివరికి చేరుతుంది, లేదా రావు, పాత్రో వంటి మాటే ఇంటిపేరుగా నమోదవుతుంది. యానాంలో మాత్రం చుట్టూ ఉన్న గోదావరి సీమ పద్ధతే. ఒక్క తాతకు మనుమలైన నలుగురు వైద్యులు నాలుగు వ్యాసాలు ప్రకటిస్తే, ఆధారసూచిలో వారికి ఏ చుట్టరికమూ కనిపించదు. అది పెద్ద నష్టం కాకపోవచ్చు. ఒకే వ్యక్తి పదవ తరగతి ధ్రువపత్రంలో ఒక తీరుగా, వైద్యమండలి నమోదులో మరొక తీరుగా, తొలి వ్యాసంలో ఇంకొక తీరుగా కనిపించడం మాత్రం నిజమైన నష్టమే. ఉద్యోగానికో పదోన్నతికో ప్రకటిత వ్యాసాలను లెక్కించే రోజున ఆ వ్యాసాలు తనవేనని రుజువు చేసుకునే భారం ఆ వ్యక్తి మీదనే పడుతుంది.

పొడి అక్షరాలలోనూ ఒక సూక్ష్మం ఉంది. పై ఉదాహరణలో ఫిస్కే పేరు వెనుక ఉన్న 'సి', 'హెచ్' అనే రోమన్ అక్షరాలు రెండు వేర్వేరు పేర్లకు గుర్తులు. మన ఇంటిపేరు 'చ'కారంతో మొదలైతే దానికీ అవే రెండు అక్షరాలు వ్రాస్తాము. అవి రెండు పేర్లు కావు, ఒకే ధ్వని. 'భ', 'ఖ' లకూ ఇదే గతి. అక్షరాన్ని బట్టి పొడి గుర్తు రెండు రోమన్ అక్షరాలయినప్పుడు, మొదటిదాన్ని పెద్దగా, రెండవదాన్ని చిన్నగా వ్రాసి ఒకే గుర్తుగా నిలుపుకొనే వెసులుబాటు అమెరికా వైద్యగ్రంథాలయపు నియమాలలో ఉంది. ఇతర భాషల పేర్లకు వారు చూపిన ఉదాహరణలు మనకూ వర్తిస్తాయి. రచయిత అడిగితేనే అది జరుగుతుంది. అడగకపోతే యంత్రం తొలి అక్షరాన్ని మాత్రమే ఉంచుతుంది.

ఇప్పుడు ఇంకొక మెట్టు. సుబ్బారావుగారు లెడర్లీ సంస్థలో పనిచేస్తున్నప్పుడు వారి బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసి, దాని నిర్మాణాన్ని నిర్ధారించింది. గర్భవతులకు నేడు ప్రతి ఆరోగ్యకేంద్రంలోనూ ఇచ్చే మాత్రలో ఇనుముతో పాటు ఉండేది ఆ ఫోలిక్ ఆమ్లమే. ఆ నిర్మాణాన్ని వివరించిన వ్యాసం 1946లో 'సైన్స్' పత్రికలో వెలువడింది. రచయితలు 16 మంది. తొలి ఎనిమిది పేర్లు అక్షరక్రమంలో ఉన్నాయి. ఆంజియర్, బూత్, హచింగ్స్, మోవాట్, సెంబ్, స్టోక్‌స్టాడ్ అనే ఆరుగురి తరువాత ఏడవ పేరు సుబ్బారావుది. వాంకూవర్ పద్ధతిలో చాలా పత్రికలు పాటించే నియమమేమిటంటే, ఆరుగురి పేర్లు వ్రాసి, ఏడవవారి నుండి 'మరికొందరు' అనే అర్థమున్న 'ఎట్ ఆల్' అన్న లాటిన్ మాటతో ముగించాలి. అనగా పరిశోధనను నడిపించిన వ్యక్తి పేరే ఆ 'మరికొందరి'లో కలిసిపోతుంది. యల్లాప్రగడ అనే ఇంటిపేరుతో వ్రాసి ఉన్నా ఫలితం మారేది కాదు. అప్పుడు వాలర్ తరువాత ఎనిమిదవ స్థానానికి జారేవారు.

ఇందులో కుట్ర వెదకనక్కరలేదు. కాగితం ఖరీదైన కాలంలో పుట్టిన పొదుపు అది. అమెరికా వైద్యగ్రంథాలయం తన సూచికలో ఇప్పుడు రచయితలందరి పేర్లూ ఇస్తున్నది. ఆరుగురితో ఆపడం పత్రికల వాడుకగా మిగిలింది. సిద్ధాంతవ్యాసంలో పుటల కొరత లేదు కనుక, విశ్వవిద్యాలయపు నియమం అడ్డురానంతవరకు, అందరి పేర్లూ వ్రాయమని నేను విద్యార్థులకు చెబుతాను. మార్గదర్శకులు ఒప్పుకోకపోతే, వ్యాసం నడుమ వాక్యంలోనైనా 'సుబ్బారావు బృందం' అని ప్రస్తావించవచ్చు. సంఖ్య దాని పక్కన వేస్తే సరిపోతుంది.

ఆధారసూచి ఋణం తీర్చే పత్రం కాదని కూడా గ్రహించాలి. పిల్లలలో వచ్చే రక్తకాన్సరుకు అమినోప్టెరిన్ అనే మందుతో తాత్కాలికంగా ఉపశమనం కలిగించవచ్చని సిడ్నీ ఫార్బర్ బృందం 1948లో చూపింది. 16 మంది పిల్లలకు ఇవ్వగా 10 మందిలో గుణం కనిపించింది. మందు సుబ్బారావుగారి ప్రయోగశాల నుండి వచ్చింది. రచయితలు ఐదుగురే. అందులో ఆయన లేరు. ఆ వ్యాసం వ్రాసింది ఆయన కాదు కనుక ఆ ఐదుగురి వరుసలో ఆయన పేరు చేర్చమనడం న్యాయం కాదు. ఆ మందు ఎక్కడిదో చెప్పదలచుకుంటే, మందు తయారీని వివరించిన రసాయనశాస్త్ర వ్యాసాన్ని వేరే ఆధారంగా చూపాలి. ఎవరి పని ఏదో దాని చిరునామా దానికి ఇవ్వడమే పద్ధతి.

చిరునామా అన్నాను కనుక ఊళ్ళ సంగతికి వస్తాను. ఫ్లోరిన్ నీటి వలన వచ్చే ఎముకల వ్యాధిని నాటి నెల్లూరు జిల్లాలో గుర్తించి, షార్ట్ మొదలైన నలుగురు వైద్యులు 1937లో ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్ 25వ సంపుటంలో వ్యాసం ప్రకటించారు. దాని పేరులో ఉన్నది 'మద్రాసు ప్రెసిడెన్సీ'. ఆంధ్ర అనే మాటతో వెదికే విద్యార్థికి అది దొరకదు. దొరికిన తరువాత కొందరు అభిమానం కొద్దీ వ్యాసం పేరులోనే 'ఆంధ్ర' చేర్చుతారు. అది కూడదు. శీర్షిక అచ్చులో ఎలా ఉందో అలాగే వ్రాయాలి. ప్రచురణస్థలానికీ ఇదే సూత్రం. 1996కు ముందు అచ్చయిన పుస్తకానికి స్థలం 'మద్రాస్' అని ఉంటే మద్రాసే. 2014కు ముందు బళ్ళారి పుస్తకం మీద ఆంగ్లంలో 'బెల్లారి' అని ఉంటే అదే. మన ఊరి సరైన పేరు, ఆ ఊరివారు ఏ భాషవారన్నది వ్యాసం నడుమ వాక్యంలో నిర్భయంగా వ్రాయవచ్చు. బరంపురం వారికి ఒక ప్రత్యేక సూచన: పశ్చిమ బెంగాల్‌లో అదే పేరున్న మరొక పట్టణం ఉన్నది. ఊరిపేరు తరువాత రాష్ట్రం పేరు చేర్చడానికి నియమం అనుమతిస్తుంది. చేర్చండి.

తెలుగు ఆకరాల మాట ఇంకా ముఖ్యం. మన విద్యార్థి తన జిల్లాలోని తెలుగు గూడెంలో బాలింతల ఆహారనియమాల మీద పరిశోధన చేశాడనుకోండి. తెలుగులో అచ్చయిన వైద్యపుస్తకమో, ఆరోగ్యశాఖ కరపత్రమో అతనికి ఉపయోగపడింది. ఆధారసూచిలో తెలుగు పుస్తకమెలా వ్రాయాలో తెలియక, లేదా పరీక్షకులు చిన్నచూపు చూస్తారన్న జంకుతో దానిని వదిలివేస్తాడు. ఇంకా విషాదమేమిటంటే, ఆ పుస్తకంలోని విషయాన్నే ఎవరో ఆంగ్లంలో ఎత్తివ్రాసిన వ్యాసం దొరికితే దానిని ఆధారంగా చూపుతాడు. మూలం చదివినవాడు మూలాన్ని దాచి నకలును చూపినట్టయింది. నియమావళి మనకు ద్వారం మూయలేదు. పుస్తకమయితే రచయిత పేరు, తెలుగు శీర్షికను రోమన్ లిపిలో వ్రాసి, దాని ఆంగ్లానువాదాన్ని చదరపు బ్రాకెట్లలో పెట్టి, స్థలం, ప్రకాశకులు, సంవత్సరం ఇచ్చి, చివర 'తెలుగు' అని భాష పేరు వ్రాయాలి. పత్రికావ్యాసమయితే అనువదించిన శీర్షికను చదరపు బ్రాకెట్లలో పెట్టి, చివర భాష పేరు చెప్పాలి. చైనీయులు, రష్యన్లు, జపానీయులు దశాబ్దాలుగా తమ భాషల వ్యాసాలను ఇలాగే లోకం ముందు పెడుతున్నారు. 'తెలుగు' అన్న ఆ చివరి మాటను మాత్రం విడిచిపెట్టకండి. తెలుగులోనూ వైద్యవిషయం అచ్చయిందని చదువరికి తెలిపేది అదే.

మంత్రసాని చెప్పిన మాట, నాటువైద్యుడు చెప్పిన మాట వేరు. అవి ప్రచురితాలు కావు కనుక సూచిలోకి రావు. చెప్పినవారి అనుమతితో, పేరూ తేదీ వ్యాసం నడుమనే కుండలీకరణాలలో ఇవ్వాలి. అనుమతి వ్రాతపూర్వకంగా తీసుకొంటే మంచిది. ఆమె వ్రాయలేని మనిషి అయితే ఆమెకు తెలిసిన భాషలో చదివి వినిపించి తీసుకోవాలి.

ఇంతవరకు రూపం. రూపమంతా సవ్యంగా ఉండి, ఆధారం అబద్ధమాడే సందర్భం ఉంది. 1980లో న్యూ ఇంగ్లండ్ వైద్యపత్రికలో పోర్టర్, జిక్ అనే ఇద్దరు ఐదు వాక్యాల లేఖ ప్రకటించారు. ఆసుపత్రిలో ఉండి మత్తుమందు జాతి నొప్పినివారిణులు పొందిన 11,882 మందిలో నలుగురికి మాత్రమే నికరంగా వ్యసనమయిందని దాని సారాంశం. ఇంటికి వెళ్ళి నెలల తరబడి వాడినవారి గురించి అందులో ఒక్క మాట లేదు. అయినా దానిని ఆధారంగా చూపి, ఆ మందులు వ్యసనం కలిగించవని ఎందరో వ్రాశారు. 2017లో కెనడా పరిశోధకులు లెక్కించగా ఆ లేఖను 608 వ్యాసాలు ఉదహరించినట్టు తేలింది. వాటిలో 72 శాతం దానిని వ్యసనం అరుదనడానికి సాక్ష్యంగా వాడుకున్నాయి. 81 శాతం వరకు వ్యాసాలు ఆ రోగులు ఆసుపత్రిలో ఉన్నవారన్న సంగతినే చెప్పలేదు. అమెరికాలో ఆ మందుల వలన జరిగిన ప్రాణనష్టం అందరికీ తెలిసినదే. ఆ 608 మందిలో ఎందరు ఐదు వాక్యాలూ చదివారు? ఐదు వాక్యాలే! సంపుటం సంఖ్య, పుట సంఖ్య సరిగానే వేసి ఉంటారు.

అందువలన విద్యార్థులకు నా మాట కఠినంగానే ఉంటుంది. చదవని దానిని ఆధారంగా చూపవద్దు. వ్యాసం ఉపసంహరణకు గురయిందేమో చూడండి. టీకాకూ ఆటిజమ్‌కూ ముడిపెట్టిన 1998 నాటి లాన్సెట్ వ్యాసాన్ని ఆ పత్రిక 2010లో ఉపసంహరించుకున్నది. ఇప్పుడు కృత్రిమ మేధ యంత్రాన్ని అడిగితే పేర్లు, సంవత్సరం, పుటలతో సహా లేని వ్యాసాన్ని కల్పించి ఇవ్వగలదు. చుక్కలూ కామాలూ అన్నీ సరిగ్గా ఉంటాయి. అమెరికా గ్రంథాలయపు పబ్‌మెడ్ సూచిక 1997 నుండి అందరికీ ఉచితం. రాయగడలో కూర్చున్నా, సిరొంచలో కూర్చున్నా ప్రతి పంక్తినీ దానిలో సరిచూసుకోవచ్చు.

చివరగా తల్లిదండ్రులు చేయదగిన పని. పిల్లల పేరు రోమన్ లిపిలో ఎలా ఉండాలో, ఇంటిపేరు ఏ గడిలో పడాలో పదవ తరగతి నమోదుకు ముందే ఇంట్లో కూర్చుని నిర్ణయించండి. అప్పటికే బడిరికార్డులో ఇంటిపేరు పోయి ఉంటే, వ్యాసాలలో దానిని తిరిగి చేర్చుకోవాలా వద్దా అన్నది తొలి వ్యాసం పంపకముందే తేల్చుకోవాలి. నామట్టుకు నేను చేర్చుకోమనే అంటాను. ఒకసారి అచ్చయిన రూపాన్ని తరువాత మార్చకపోవడం అన్నిటికంటే మేలు. ఆడపిల్లలకు పెళ్ళితో ఇంటిపేరు మారడం మన ఆచారం. వ్యాసాలలో మాత్రం పుట్టింటి పేరే కొనసాగిస్తే పాత వ్యాసాలు, కొత్త వ్యాసాలు ఒకచోట కనిపిస్తాయి. అత్తవారింటి పెద్దలు దీనిని అగౌరవంగా భావించనవసరం లేదు. ఇప్పటికే రెండు మూడు రూపాలలో అచ్చయినవారికి ఒక మార్గముంది. 2012 నుండి ఆర్కిడ్ అనే సంస్థ పరిశోధకులకు 16 అంకెల గుర్తింపు సంఖ్యను ఉచితంగా ఇస్తున్నది. దానిలో 'ఇతర నామాలు' అనే గడి ఉంటుంది. పాత రూపాలన్నీ అందులో నమోదు చేయవచ్చు. ఆ గడి తెలుగు లిపినీ స్వీకరిస్తుంది. ఇంటిపేరు ముందు, సొంత పేరు వెనుక, పొడి అక్షరాలు లేకుండా పూర్తిగా వ్రాసుకోవచ్చు.